ఎటు నుంచి గాలి

"కూతురు మాయమై రెండు రోజులైంది. తండ్రి కంప్లైంట్ ఇవ్వలేదు. టైముకి ఆఫీసుకొచ్చి వానలు లెక్కపెట్టుకుంటున్నాడు. అనుమానం రావట్లేదూ నీకు?"

"నాకు మిమ్మల్ని చూసినా అనుమానమే సార్."

బాస్ నవ్వలేదు. బల్ల మీద ఒక ఫోటో ముందుకు తోశాడు. ఆ కూతురే, కళ్లజోడు పెట్టుకున్న ముప్ఫై ఏళ్ల మనిషి. తీరరక్షణకి కొత్త రాడార్ తయారుచేసిన ఇంజినీర్.

"డ్రాయింగులన్నీ ఆమె బుర్రలోనే ఉన్నాయి. పరాయి ముఠా ఎత్తుకుపోయింది. వాళ్ల సబ్‌మెరైన్ మన నీళ్లలోనే ఎక్కడో నక్కి ఉంది. ఎక్కించారో, ఇక ఆమెని మనం చూడం. తండ్రి వాతావరణ కేంద్రానికి పెద్ద. వానల మాస్టారంటారు. నువ్వు బేరోమీటర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్లు. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. రేడియోలో బులెటిన్ చదువుతుంది. కోడ్‌నేమ్ తేనె."

ఏజెంట్ గొడుగుకి ఆ పేరు ఊరికే రాలేదు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గొడుగు ఎప్పుడూ అతని చంకలోనే ఉంటుంది. పిడిలో వైర్‌లెస్, మొనలో కెమెరా. ఇన్ని సామాన్లు కుక్కాక అది తెరుచుకోవడం మానేసింది, అది వేరే సంగతి.

వేషానికి చదువు కావాలి కదా. అదృష్టంకొద్దీ అతని అత్తగారు ముప్ఫై ఏళ్లు వాతావరణ పరిశీలకురాలిగా చేసి రిటైరైంది. బేరోమీటర్ల గురించి అడిగితే భోజనాల బల్ల మీదే పాఠం మొదలుపెట్టింది.

"తూర్పు గాలంటే తూర్పుకి పోయేది కాదు అల్లుడుగారూ, తూర్పు నుంచి వచ్చేది. మనుషుల్ని ఎక్కడికి అని అడుగుతాం. గాలిని ఎక్కణ్ణుంచి అని అడగాలి. ఈ ముక్క తప్పారో, మొదటి నిమిషంలోనే దొరికిపోతారు."

"నేనెందుకు దొరకాలి అత్తయ్యగారూ? ఆఫీసు పనే కదా."

"అలాగేలెండి," అందావిడ, అనుమానంగా చూస్తూ.

వాతావరణ కేంద్రం కొండ మీద ఉంది. కొండకి పడమర ఊరూ రేడియో స్టేషనూ, తూర్పున హార్బర్. సముద్రం మీంచి జల్లు ఏటవాలుగా కొడుతోంది. ఊళ్లోంచి ఎక్కి వచ్చిన గొడుగు చొక్కా ముందంతా తడిసిపోయింది. వీపు మాత్రం పొడిగా ఉంది. అప్పటికి ఉదయం పదిన్నర.

గదిలో గోడ నిండా మ్యాపులు. ఓ మూల అద్దాల గది, అందులో మైకు, పైన ఎర్ర బల్బు. వానల మాస్టారు తలెత్తి చూడలేదు. గడ్డం ఒక చెంపే గీసుకున్నాడు. ముందున్న టీ మీద మీగడ కట్టింది. మనిషి భయపడుతున్నాడు. ఎవరికి భయపడుతున్నాడు? మనకా, వాళ్లకా?

తలుపు తోసుకుని అత్తరు వాసన ముందొచ్చింది, వెనకే ఆమె వచ్చింది. నీలం రెయిన్‌కోటు, పట్టుచీర, రేడియోలో రోజూ వినే ఆ గొంతు.

"ఈ ఏడు మంచు తొందరగా దిగేట్టుందండీ."

"స్వెట్టర్లు బయటికి తియ్యాలన్నమాట."

కోడ్ కలిసింది. ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ముసలాయన మీద ఓ కన్నేసి ఉంచండి. ఎవరికో ఫోన్లు చేస్తున్నాడు. నేను స్టేషన్ నుంచి తిన్నగా వస్తున్నా. కొండెక్కేసరికి తడిసి ముద్దయ్యాననుకోండి!"

కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మైకు సరిచూసుకోవడానికి అద్దాల గదిలోకి వెళ్లింది. కోటు వీపు నీళ్లు కారుతోంది. ముందుభాగం పొడిగా ఉంది. అంచుకి రంపప్పొట్టు అంటుకుంది. గొడుగు తన చొక్కా చూసుకున్నాడు. ఇద్దరూ ఊరి వైపు నుంచే వస్తే ఒకరికి రొమ్ము, ఒకరికి వీపు ఎలా తడుస్తాయి?

బల్ల మీది కాగితాలు తీశాడు. 'శరత్కాల వాతావరణ అంచనా: నేల, విమానయానం, తీర జలాలు.' చివరి పేజీలో తుఫాను హెచ్చరిక. పడవలన్నీ తక్షణం ఒడ్డుకి రావాలి, విమానాలన్నీ దిగిపోవాలి. కింద ఒక వాక్యం: 'తూర్పు దిక్కుకి వీచే తూర్పు గాలులు.'

ఎంత అనుభవం ఉన్నవాడు! పొరపాటున రాసే మాటేనా ఇది?

గొడుగు బేరోమీటర్ మీదికి వంగి, దాన్ని వేలితో తడుతూ, తల తిప్పకుండా అడిగాడు. "మాస్టారూ, తూర్పు గాలి తూర్పుకెలా పోతుందండీ?"

ముసలాయన కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రెండు రోజుల్నుంచీ రాస్తున్నా నాయనా ఆ తప్పు. అన్ని ఆఫీసులకీ వెళ్లింది. ఒక్క వెధవా గమనించలేదు." కళ్లు తుడుచుకోవడానికీ భయపడ్డాడు, అద్దంలోంచి ఆమె చూస్తోంది. "తుఫానూ లేదు, నా మొహమూ లేదు. ఇది వింటే సముద్రం ఖాళీ అయిపోతుంది. చూసేవాడుండడు. నా తల్లిని తీసుకుపోతారు. పదకొండింటికి రేడియో పెట్టుకుని కూచుంటారు. బులెటిన్ రాకపోయినా, ఆమె గొంతు కాకపోయినా, అక్కడే చంపేస్తామన్నారు."

"ఎక్కడుంచారు?"

"తెలిస్తే ఇక్కడ కూచుంటానా!"

గాలి తూర్పు నుంచి వస్తోంది. వీపు తడిసిందంటే మనిషీ తూర్పు నుంచే వచ్చింది. స్టేషన్ నుంచి కాదు, హార్బర్ నుంచి. రంపప్పొట్టు హార్బర్‌లో ఎక్కడుంటుంది? ఐసు దిమ్మలు కప్పేచోట.

గొడుగు పిడి నోటి దగ్గర పెట్టుకుని దగ్గాడు. "హార్బర్. ఐసు ఫ్యాక్టరీ. ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు," అంది పిడిలోని గొంతు.

పదకొండుకి ఏడు నిమిషాలుంది. చదవడం మొదలెడితే తీర జలాలు ఆరో నిమిషంలో వచ్చేస్తాయి. లెక్క కుదరలేదు.

"మాస్టారూ, నేలనీ విమానాల్నీ కాస్త సాగదీయగలరా?"

ముసలాయన కలం అందుకున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా క్లుప్తంగా రాయమని నన్ను చంపుకు తిన్నారు నాయనా!"

గొడుగు చివరి పేజీ జేబులో పెట్టుకుని మిగతావి ఆమెకిచ్చాడు. ఎర్ర బల్బు వెలిగింది.

ఆమె చదువుతోంది. గడ్డి మీద మంచు, లోయల్లో మంచు, తెల్లారాక మంచు. మాస్టారు రాసిన పేజీ రాసినట్టు అద్దం కింది సందులోంచి గొడుగు లోపలికి నెడుతున్నాడు. మేఘాల ఎత్తు, వాటి మీది మేఘాల ఎత్తు, రన్‌వే మీద పొగమంచు, అది విడిపోయే తీరు. శరత్కాల అంచనా పొడవు చూసి అనుమానించిన శ్రోత ఇంతవరకూ పుట్టలేదు. కానీ చదివే మనిషి అనుమానించింది. ఎనిమిదో పేజీ దగ్గర చూపుతోనే నరికేలా చూసింది. లైవ్‌లో ఉంది కదా, గొంతులో తేనె కారుతూనే ఉంది.

పన్నెండు నిమిషాలయ్యాయి. మాస్టారు చేతిలోంచి కలం జారిపడింది. సందులోకి నెట్టడానికి ఇక కాగితం లేదు.

ఆమె పేజీలన్నీ పక్కకి నెట్టింది. కంఠతా వచ్చు ఆమెకి! "ఇక తీర జలాలు. ఈ మధ్యాహ్నం నుంచి..."

పిడి గరగరలాడింది. "దొరికింది. క్షేమం."

మాస్టారు ఆ వయసులో అంత వేగం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో గానీ, తలుపు తోసి మైకు మీద పడ్డాడు. "ఈ మధ్యాహ్నం నుంచి సముద్రం ప్రశాంతం! చిరుజల్లులు, అంతే! పడవలు ఎక్కడికైనా పోవచ్చు!"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయి లిప్‌స్టిక్ అంత పిస్టల్‌తో పైకి లేచింది. గొడుగు పిడి వంపు ఆ మణికట్టుకి తగులుకుని ఒక్క లాగు లాగింది. పిస్టల్ టీ కప్పులో పడింది. ఎర్ర బల్బు ఆరింది.

"ఎటు నుంచి తెలిసింది?" అందామె.

"వీపు నుంచి."

ఒంటి గంటకి, సముద్రం ఖాళీ అయి ఉంటుందనుకుని చేపల పడవల మధ్య తలెత్తిన సబ్‌మెరైన్‌ని గస్తీ విమానాలు చుట్టుముట్టాయి. హార్బర్ గట్టు మీద కూతురు దుప్పటి కప్పుకుని కూచుంది. తండ్రి ఆమె రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుని, చల్లగా ఉన్నాయే తల్లీ అని ఒకటే ఏడుపు. గొడుగు సముద్రానికి వీపు తిప్పి ఇంటికి నడిచాడు. జల్లు తగ్గలేదు, గొడుగు తెరుచుకోలేదు.

అత్తగారు తలుపు తీసింది. "ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

"ఆఫీసు నుంచే అత్తయ్యగారూ. బేరోమీటర్ల పని."

"ఓసారి వెనక్కి తిరగండి." తిరిగాడు. "ఆఫీసు పడమటి వీధిలో కదా అల్లుడుగారూ! తుడుచుకోండి, వీపంతా హార్బరే."