అగరొత్తి ఆరకముందు

తుఫాను వస్తోందని, మధ్యాహ్నం నుంచి అందరికీ సెలవని పొద్దున వార్తల్లో చెప్పారు. దాంతో తైచుంగ్ నగరంలోని ఆ చిన్న కంపెనీ వాళ్ళు ఏడో నెల పూజ హడావుడిగా పొద్దున్నే కానిచ్చేశారు. వసారాలో పొడుగాటి బల్ల వేసి ఉడికించిన కోడి, పండ్లు, బిస్కట్లు, బీరు డబ్బాలు, చిరుతిళ్ళ పొట్లాలు సర్దారు. ఒక్కోదానికి ఒక్కో సన్న అగరొత్తి గుచ్చారు. ఆ నెలంతా చచ్చినవాళ్ళ లోకం నుంచి వచ్చి ఆకలితో తిరిగేవాళ్ళని దెయ్యాలనకూడదు, అన్నదమ్ములనాలి. అగరొత్తులు ఆరేదాకా అన్నదమ్ములు తింటున్నట్టు లెక్క. ఆలోపు బల్లమీద చెయ్యి పెట్టకూడదన్న సంగతి ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

పై అంతస్తులో ఉన్న జిన్‌హుయ్‌కి ఇవేవీ పట్టలేదు. పూజకి రమ్మని కింద నుంచి పిలిస్తే, "నేను రాను, ఇక్కడ నాకు పట్టిన దెయ్యం చాలు" అని అరిచింది. అంత మాట ఆ నెలలో ఎవరూ అనరు. కింద ఎవరో ఉలిక్కిపడి అయ్యో అనడం మెట్లదాకా వినిపించింది.

ఆమెకి పట్టినది ఆఫీసువాళ్ళు ఇచ్చిన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్. ఇటుకంత బరువు, ధర చెబితే గుండె ఆగుతుంది. నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది. రాత్రి ఎవరూ అడక్కుండానే తనంతట తాను ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పెట్టుకుంది. పొద్దున తెరవగానే నువ్వెవరో నాకు తెలీదన్నట్టు నలభై ఎనిమిది అంకెల తాళం అడిగింది. ఆ అంకెలు వెతికి, కొట్టి, లోపలికి వెళితే గ్రాఫిక్స్ కార్డు కనపడటం లేదంది. దాన్ని నడిపే డ్రైవర్ తీసేసి కొత్తది వేస్తే స్క్రీన్ రెండుసార్లు మిణుకుమని నల్లబడింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి అదీ ఊడబీకి పాత డ్రైవర్ వేసింది. ఈసారి స్క్రీన్ బాగానే ఉంది, అసలు సాఫ్ట్‌వేరే తెరుచుకోలేదు. జిన్‌హుయ్‌కి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదని ఇంకా కోపమొచ్చింది.

వాళ్ళ కంపెనీ పని, డాక్టర్లు కోసి తీసేసిన ఎముకల స్థానంలో పెట్టే టైటానియం పలకలు గీసి ఇవ్వడం. ఇప్పుడా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లాయ్ ముసలాయన కింది దవడ. జీవితమంతా పులుసు గంజి అమ్మినవాడు, దానికి రెండింతలు వక్కలు నమిలినవాడు. దవడలో పుండు లేచి, సగం ఎముక తీసేసి, ముక్కులోంచి గొట్టం వేశారు. నోటితో ముద్ద తిని ఆరునెలలైంది. పలక బొమ్మ ఈ సాయంత్రం దాన్ని లోహంలో పోసే అచ్చు మెషిన్‌కి అందితేనే ఎల్లుండి ఆపరేషన్. తప్పితే మళ్ళీ కుదిరేసరికి మత్తుమందు తట్టుకునే ఓపిక ఆయన ఒంట్లో ఉండదని డాక్టర్ ఫాంగ్ తేల్చి చెప్పాడు. రోగుల వివరాలు ఇంకో మెషిన్‌లో పెట్టకూడదని రూలు. కాబట్టి ఆయన నోరు తెరిపించాలంటే ముందు ఈ ఇటుక నోరు తెరిపించాలి.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి తేనె పూసిన గొంతుతో అడిగింది.

"ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూశారాండీ?"

"పొద్దున్నుంచీ నేను చేస్తున్నది అదే తల్లీ. ఇంకేమన్నా ఉంటే చెప్పు."

"మరొక్కసారి చేసి చూడండి."

జిన్‌హుయ్ ఫోన్ పెట్టేసింది. పెట్టేయడమంటే అది కుర్చీకిందకి వెళ్ళిపడింది.

మధ్యాహ్నానికి అందరూ గొడుగులు పట్టుకుని పరుగు తీశారు. మిగిలింది ఆమె, కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే బోయూ. అగరొత్తులు ఆరాక బల్ల సర్ది, అన్నదమ్ములకి కాగితపు డబ్బు కాల్చి వెళ్ళమని బోయూకి అప్పజెప్పారు. వాడు స్క్రీన్‌లోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

"పాత ఫర్మ్‌వేర్ వెనక్కి ఎక్కించడమేనక్కా, ఇంకో దారి లేదు. కానీ ఎక్కేటప్పుడు కరెంటు పోయిందో, ఇది తలుపుకి అడ్డం పెట్టుకోవడానికే పనికొస్తుంది. బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోకు, ముసలిది."

అప్పటికే దీపాలు వణుకుతున్నాయి. బయట గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. పట్టపగలే గది మసక చీకటైంది.

"ఆగు. దీని పొట్లం ఏది?" అన్నాడు బోయూ.

ఆ ఆఫీసులో ప్రతి మెషిన్ నెత్తినా ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంటుంది. ఆ తిండి పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం, అందుకే ఆ పొట్లం ఉంటే మెషిన్ బుద్ధిగా ఉంటుంది. పచ్చదే పెట్టాలి, పసుపుది పెడితే మొరాయిస్తుంది. విప్పకూడదు, తేదీ దాటకూడదు. బోయూ ల్యాప్‌టాప్ వెనకాల పడున్న పొట్లం తీసి తిప్పి చూశాడు.

"పోయిన నెలతో గడువు అయిపోయిందక్కా. అందుకే నీకింత మర్యాద చేస్తోంది."

"వెటకారం తర్వాత. కొత్తది తీసుకురా."

"ఈ గాలిలో ఏ కొట్టు తీసుంటుంది? నిన్ననే అన్నీ పట్టుకుపోయారు జనం."

"నువ్వు ఫైలు సిద్ధం చెయ్యి. నేను చూస్తా." ఆమె లేచి కిందకి వెళ్ళింది.

వసారాలో వాన అడ్డంగా కొడుతోంది. పొద్దుననగా వెలిగించినా బల్లమీద అగరొత్తులు సగమే కాలాయి. ఇంత గాలికి ఆరకుండా అన్నీ నిదానంగా, ఒకే ఎత్తున వెలుగుతున్నాయి. చివరి వరసలో ఒక పచ్చ పొట్లం ఉంది. దాని నడుంలో అగరొత్తి. జిన్‌హుయ్ అటూ ఇటూ చూసింది. తప్పని తెలుసు. కానీ ఆ ముసలాయన గొట్టం కళ్ళముందు మెదిలింది, పొద్దున్నుంచీ పడ్డ చాకిరీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. అగరొత్తి లాగి పక్కనున్న నారింజకి గుచ్చింది. ఏమీ అనుకోకండని గొణిగి, పొట్లం చంకలో పెట్టుకుని మెట్లెక్కింది.

"దొరికిందా?" బోయూ ఆశ్చర్యపోయాడు.

"దొరికింది. మొదలెట్టు."

పొట్లం కీబోర్డు పైన పెట్టారు. ఫర్మ్‌వేర్ ఎక్కడం మొదలైంది. సగంలో వీధంతా కరెంటు పోయింది. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడలన్నీ నల్లగా ఉన్నాయి. వీళ్ళ గదిలో దీపం మాత్రం అలాగే ఉంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎంత ఎక్కిందో చూపించే గీత స్క్రీన్ చివరిదాకా వెళ్ళింది. ల్యాప్‌టాప్ తనంతట తాను ఆగి మళ్ళీ లేచింది. గ్రాఫిక్స్ కార్డు దొరికింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. లాయ్ ముసలాయన పుర్రె బూడిదరంగులో నిండుగా తేలింది.

బోయూ ఈల వేయబోయి, ఆ నెలలో ఈల వేస్తే అన్నదమ్ముల్ని పిలిచినట్టేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. "నేను కింద అగరొత్తుల సంగతి చూసొస్తా. నువ్వు కానివ్వు."

జిన్‌హుయ్ పనిలో పడింది. పలక అంచులు సరిచేయడమే మిగిలింది. గదిలో అగరొత్తి వాసన వేస్తోంది. కిటికీలన్నీ మూసున్నాయి. కింద నుంచి వస్తోందనుకుంది. ఎక్కడో సన్నగా కరకరమని చప్పుడు. ఫ్యానులో దుమ్ము చేరిందనుకుంది.

అంచులు పూర్తయ్యాక పుర్రెని తిప్పింది. ముందువైపుకి తెచ్చింది.

నోరు కొంచెం తెరిచి ఉంది.

స్కాన్ తీసినప్పుడు నోరు మూసుకునే ఉన్నాడాయన. పై పళ్ళు, మిగిలిన కింది పళ్ళు ఆనుకునే ఉండాలి. ఇదేం డ్రైవర్ రా నా ప్రాణానికి అని తిట్టుకుని, మూసి, మళ్ళీ తెరిచింది. నోరు ఇంకాస్త తెరిచి ఉంది. గ్రాఫిక్స్ కార్డు వాడకం ఆపి, అది లేకుండానే నడిపించింది. బొమ్మ నత్తలా కదిలింది. నోరు మాత్రం ఇప్పుడు వేలు పట్టేంత... కాదు, రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుంది. కొలతలు చూసింది. కొలతల ప్రకారం నోరు మూసే ఉంది.

కరకర చప్పుడు ఆగింది.

తలుపు దగ్గర బోయూ నిలబడున్నాడు. పాలిపోయి ఉన్నాడు.

"అక్కా... కింద అగరొత్తులన్నీ ఆరిపోయాయి. ఒక్క నారింజకి రెండున్నాయి. అవి రెండూ వెలుగుతున్నాయి." వాడి చూపు పొట్లం మీద పడింది. గొంతు తగ్గింది. "దాని నడుంలో కన్నం ఏంటి?"

ఆమె కూడా అటు చూసింది.

"ఆరాకే తీశావు కదా?"

ఆమె పొట్లం అందుకుంది. అంచుల అతుకు ఊడలేదు. సూదిమొన అంత కన్నం తప్ప చిరుగు లేదు. లోపల ఏమీ లేదు. గాలి కూడా లేకుండా అణిగిపోయి ఉంది.

"నోటి దగ్గర కంచం లాగేశావక్కా..." అన్నాడు బోయూ, వినీ వినపడనట్టు.

వాడు జేబులోంచి రెండు నాణేలు తీసి, దణ్ణం పెట్టి, కడుపు నిండిందా అని అడిగి నేలమీద వేశాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే నిండినట్టు. రెండూ బొరుసే. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. ఇంకోసారి... ఒక నాణెం దొర్లుకుంటూ బల్లకిందకి వెళ్ళింది. వాడు దాన్ని వెతకలేదు.

స్క్రీన్ మీద నోరు బార్లా తెరుచుకుని ఉంది. సాఫ్ట్‌వేర్ ముందుకి కదలక చక్రం గిర్రున తిరుగుతోంది. ఫైలు పంపడానికి నొక్కితే పంపలేమంది. ఇంకోసారి నొక్కితే గ్రాఫిక్స్ కార్డు కనపడటం లేదంది. పొద్దున్నుంచీ చూసిన అదే ముక్క, అదే అక్షరాల్లో. జిన్‌హుయ్‌కి భయం ఎక్కడికి పోయిందో పోయింది, మిగిలింది ఉక్రోషమే. ఇంత చేసి, అంచుదాకా వచ్చి, మళ్ళీ ఇదా. లేచి నిలబడి ఖాళీ గదికేసి అరిచింది.

"తప్పు నాది. తిట్టుకోండి, నా మీద పడండి. ఆ ముసలాయన ఏం చేశాడు? ఆరునెలల నుంచి మెతుకు నోట్లో పెట్టలేదు. మీకన్నా ఎక్కువ ఆకలి మీద ఉన్నాడు. ముందు ఆయన నోరు బాగుపడనివ్వండి. అంత ఆకలైతే ఆయనతో కలిసి తిందురుగాని."

బోయూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏం మాటన్నావక్కా..." అని గుసగుసలాడాడు.

గదిలో గాలి ఆగింది. బయట వాన వినపడుతోంది, అంతే. స్క్రీన్ మీద పళ్ళు... మెల్లగా... ఆనుకున్నాయి. అగరొత్తి వాసన తలుపు సందులోంచి బయటకి వెళ్ళిపోయినట్టు ఒక్కసారిగా పోయింది. ఫైలు దానంతటదే వెళ్ళిపోయింది. అందిందని అచ్చు మెషిన్ వాళ్ళ నుంచి జవాబు కూడా వచ్చింది.

ల్యాప్‌టాప్ ఆ తర్వాత ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పలక గీసిపెట్టినట్టు సరిపోయిందని డాక్టర్ ఫాంగ్ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. జిన్‌హుయ్ ఆ మధ్యాహ్నం సంగతి ఎవరికీ చెప్పలేదు. బోయూ మాత్రం ఆమెతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు. ఏడో నెల అయిపోయింది. వచ్చినవాళ్ళందరూ వెనక్కి వెళ్ళిపోయే రోజు దాటి చాలా రోజులైంది. జిన్‌హుయ్‌కి మనసు కుదుటపడింది.

ఒకనాడు పొద్దున్నే లాయ్ ముసలాయన కూతురు షూలాన్ ఫోన్ చేసింది.

"గొట్టం తీసేశారక్కా. నాన్న నోటితో తింటున్నాడు. నీ చేతులకి దణ్ణం పెట్టాలి."

జిన్‌హుయ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజంగానే. ఆ ఫోన్ కోసమే కదా పడ్డ పాట్లన్నీ.

"ఏం తింటున్నాడు?"

"ఏదో ఒకటి కాదక్కా, రోజంతా తింటున్నాడు. గిన్నెమీద గిన్నె." షూలాన్ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "కానీ చిక్కిపోతున్నాడు. నిన్న తూచారు. గొట్టం ఉన్నప్పటికన్నా తగ్గాడు. డాక్టరుకి అర్థం కావట్లేదు."

జిన్‌హుయ్ చేతిలో ఫోన్ చల్లగా తగిలింది. అవతల ఎవరో నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు తింటున్నాడా?"

"లేదు, నిద్రపోతున్నాడు." షూలాన్ గొంతు తగ్గించింది. "నిద్రలోనే నోరు ఆడుతోంది. కొట్లో ఉన్నాననుకుంటున్నట్టున్నాడు పాపం, జనంతో మాట్లాడుతున్నాడు. తోసుకోకండి, ఒక్కొక్కరే రండి, అందరికీ వస్తుంది అంటున్నాడు. వరస ఎంతదాకా ఉందో చూడమని నన్ను గుమ్మంలోకి పంపుతున్నాడు."

"చూశావా?"

"చూశానక్కా. ఎవరూ లేరు." షూలాన్ తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. "వెనక్కి వచ్చి చూస్తే మంచం పక్కన నిండుగా పెట్టిన గిన్నెలో గంజి లేదు."