తొమ్మిది గంటల గిర్నీ

వీరేశం ఇత్తడి గంటెను మళ్ళీ పట్టుకొచ్చాడు. పోయిన గురువారం చెంబు తెచ్చి గంటె చేయించుకున్నాడు. ఈ గురువారం గంటె తెచ్చి చెంబు చేయమంటున్నాడు. గిర్నీ నడిపే అండాలు దాన్ని అందుకుని, చూర్ణయంత్రంలో వేయబోయి ఆగింది.

ఆ గిర్నీ అసలు పేరు లోహపేషిణి. ప్రభుత్వం పెట్టిన ఆ పేరు పాపం బోర్డు దాటి రాలేదు. బాలానగర్ జనానికి అది ఇనుప గిర్నీయే. వీధికొకటి వెలిశాక పాతసామాను అనే మాటే లేకుండా పోయింది. విరిగిన సైకిలూ సొట్టపోయిన గిన్నే పొడి అయిపోయి, ఉక్కు గుండ్లు నిండిన డోలులో పడతాయి, మనిషికో డోలు. డోలు తిరిగే కొద్దీ ఆ పొడి గుండ్ల మధ్య నలిగి, అతికి, విరిగి, మళ్ళీ అతికి, కొలిమిలో ఎంత కరిగించినా పొసగని లోహాలు కూడా ఒకటైపోతాయి. తర్వాత అచ్చులో ఒత్తి కాల్చడమే. మోకాలి కీలు దగ్గర నుంచి తలుపు గొళ్ళెం దాకా అన్నీ అక్కడే పుడతాయి. ఏది చేయించుకున్నా తొమ్మిది గంటలు పడుతుంది. పిండి గిర్నీలో తమ పిండిని వదిలి ఎవరూ కదలనట్టే, ఇక్కడా ఎవరి పొడికి వాళ్ళే కాపలా. పొద్దున్నే సద్ది కట్టుకుని వచ్చి సాయంత్రం దాకా కూర్చుంటారు.

వీరేశం ముప్పై ఏళ్ళు లేతు మిషన్ మీద పనిచేసిన మేస్త్రీ. భార్య పోయి మూడేళ్ళయింది. మొదటిసారి అతను నిజంగానే విరిగిన గంటె తెచ్చాడు. డోలు గోడకు పొడి అతుక్కుంటోందేమోనని చప్పుడు వింటూ పక్కనే నిలబడి, అండాలు ఆ రోజంతా అతనితో మాట్లాడింది. తన అత్త గయ్యాళితనం గురించి చెప్పింది, అతని భార్య వంట గురించి అడిగింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి వీరేశం కడుపునిండా అన్నం తిన్నాడు. చాలా రోజులకు తిన్నాడు. అప్పటి నుంచి ఏ గురువారమూ తప్పలేదు.

"మేస్త్రీ, జర ఇటు రా" అంది అండాలు, గంటెను మూలకదర్శిని కింద పెట్టి. ఏ వస్తువులో ఏ లోహం ఎంతుందో దాని అద్దం మీద కనిపిస్తుంది. "ఇత్తడి గంటెల ఇనుమెక్కడిది?"

"ఎక్కడిది?"

"నా గుండ్లది. తిరిగినప్పుడల్లా ఇంత అరిగి పొడిల కలుస్తది. ఒక్కసారికైతే కండ్లకు కూడ ఆనదు. నువ్వు ఇరవై ఆరు సార్లు తిప్పిచ్చినవ్. నూటికి ఇరవై రెండు పాళ్ళు ఇనుమే ఉన్నది."

వీరేశం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇంక తిప్పితే పెళుసెక్కి పగులుతది" అంది ఆమె.

"పగలనీ" అన్నాడు అతను.

అండాలు అతన్ని ఒక్క క్షణం చూసి, గంటెను యంత్రంలో వేసింది. "సరే తియ్. ఎట్లైనా ఇదే ఆఖరు. సోమవారం కొత్తది బిగిస్తున్నరు. పింగాణీ గుండ్లంట, అరగవంట. పదకొండు నిమిషాలల్ల పని అయిపోతదంట."

క్షణపేషిణి గురించి గోడ మీద ప్రకటన అతికించే ఉంది, 'ఆలస్యం అమృతం విషం' అని పెద్ద అక్షరాలతో. పోయిన గురువారమూ దాన్ని చూశాడు గానీ, అది తన గురువారాన్ని మింగేస్తుందని వీరేశానికి ఇప్పుడే తట్టింది. భయం వేసింది. డోలు తిరిగినంతసేపూ ఒక్క మాట చెబుదామని చూశాడు. ధైర్యం చాలక పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అడిగాడు.

"మరి నీకెట్ల పొద్దుపోతది?"

"నాకేంది, పనే పని."

సాయంత్రం చెంబు అంచు దగ్గర సన్నగా పగిలి వచ్చింది. దాన్ని సంచిలో వేసుకుని అతను వెళ్ళిపోయాడు.

తర్వాతి గురువారం ఇంటి తలుపుకున్న గొళ్ళెం, బాగున్నదే, ఊడదీసి తెచ్చాడు. లోపలికి పోయిన పదకొండు నిమిషాలకు కొత్త గొళ్ళెం చేతిలో పడింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు జరగమన్నారు. అండాలు తలెత్తే లోపే అతను బయట ఉన్నాడు.

బయట చూస్తే అందరూ పాతవాళ్ళే. చేతుల్లో వేడి వేడి గిన్నెలు, సంచుల్లో విప్పని సద్ది మూటలు. పని అయిపోయినా ఎవరూ కదలడం లేదు. మనిషికి ఎనిమిది గంటల నలభై తొమ్మిది నిమిషాలు ఆదా అని అధికారులు చెప్పారు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. వీరేశం గిర్నీ మెట్టు మీద కూలబడ్డాడు.

పదింటికల్లా వరస ఖాళీ అయింది. యంత్రం ఆపి అండాలు గుమ్మంలోకి వచ్చింది.

"నోరు ఎండిపోతున్నది మేస్త్రీ. సోమవారం సంది పలకరించేటోడు లేడు."

ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే తన బతుక్కి ఇంక గురువారం ఉండదని వీరేశానికి తెలుసు.

"అండాలమ్మా, నేను ఇన్ని రోజులు చెంబు కోసం రాలే."

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"రెండోసారి తెచ్చినప్పటి సంది."

"మరి ఎన్నడూ అనకపోతివి?"

"అంటే, సిగ్గుపడి వచ్చుడు బంద్ జేస్తవని. ఆఖరు దినం గనక అన్న."

ఆరు నెలలు ఆమె తన గుండ్లు అరగనిచ్చిందన్న సంగతి అతనికి నెమ్మదిగా తలకెక్కింది. గొళ్ళెం జేబులో వేసుకుని, మెట్టు మీద ఆమె కూర్చోవడానికి చోటిస్తూ పక్కకు జరిగాడు.