మూడోసారికి ముందు

“అది వాన చప్పుడు దానయ్యగారూ. వాన వద్దు. మీ ఆవిడ గొంతు ఒక్కటే తలుచుకోండి,” అంది డాక్టర్ ఇందుమతి.

దానయ్య కళ్ళు తెరిచాడు. నెత్తిమీద ఈతగాళ్ళు పెట్టుకునేలాంటి టోపీ, దాని నిండా సన్నటి వైర్లు. ఎదురుగా అద్దంలో తన అవతారం చూసుకుని సిగ్గుపడ్డాడు. జీవితమంతా సముద్రం మీద తిరిగి ఒళ్ళు నల్లబడిన మనిషి, విశాఖపట్నంలో ఎనిమిదో అంతస్తులో, ఏసీ గదిలో కూర్చుని పోయిన పెళ్ళాం గొంతు కోసం బుర్రలో వల వేస్తున్నాడు.

“గొంతొక్కటే రమ్మంటే ఎలాగొస్తాదమ్మా? దానెనకాల వానా వొస్తాది, సేపల కంపూ వొస్తాది.”

“కంపుతో మా మెషీన్‌కి పనిలేదు. ఇంకోసారి ప్రయత్నించండి.”

మెషీన్ అంటే పెద్ద మాయేం కాదు. ఒక శబ్దాన్ని విన్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో, ఆ శబ్దాన్ని గట్టిగా తలుచుకున్నప్పుడూ ఇంచుమించు అదే భాగం పనిచేస్తుంది. టోపీలో ఉన్న సెన్సర్లు ఆ సిగ్నల్స్‌ని పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని తిరిగి శబ్దంగా మారుస్తుంది. ల్యాబ్‌వాళ్ళు దానికి ‘ఆడిటరీ మెమరీ డీకోడర్’ అని పేరు పెట్టుకున్నారు. దానయ్య ఊరు గుల్లరేవులో జనానికి అది నోరు తిరగక ‘గొంతుపెట్టె’ అన్నారు. నన్నడిగితే ఊరివాళ్ళ పేరే బాగుంది.

స్పీకర్లో హోరు తగ్గింది. ఆ హోరులోంచి ఒక ఆడగొంతు లేచింది. బొంగురు గొంతు, పల్లాన్నుంచి మిట్టకెక్కుతున్నట్టు మెల్లగా వచ్చింది.

“ఒకటోసారీ... రెండోసారీ...”

అక్కడ ఆగింది. నాలుక టక్కుమన్న చప్పుడు. ఒక నిట్టూర్పు. అప్పుడు “మూడోసారి!” అని పడింది.

“అదే!” అన్నాడు దానయ్య. “అదేనమ్మా మా పైడి!” అని టోపీతోనే లేచి నిలబడబోయాడు. వైర్లు లాగేశాయి. మళ్ళీ కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పైడమ్మ గుల్లరేవు ఒడ్డున చేపల వేలం పాడేది. పడవలొచ్చి ఇసుకలో కుప్ప పోస్తే చాలు, ఆవిడ గొంతు ముందు సముద్రం కూడా చిన్నబోయేది. నాలుగేళ్ళ కిందట ఆ ఇసుకలోనే గుండె ఆగి కూలిపోయింది. ఆ తర్వాత వేలం ఫోన్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు రేవులో కొనేవాళ్ళు వేలితో నొక్కుతారు, నోరెత్తరు. ఆవిడ గొంతు ఎక్కడా రికార్డై లేదు. ఉన్న ఒక్క వీడియోలో వెనక్కి తిరిగి నిలబడి ఉంది. దాన్లో గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు.

“రెండోసారి తర్వాత ఎందుకు ఆగారు?” అని అడిగింది ఇందుమతి.

దానయ్య కళ్ళు తుడుచుకున్నాడు. “సిన్న బుట్టలోళ్ళ కోసం అమ్మా. పెద్ద యాపారస్తులు గభాలున పాడీసుకుంటారు. ఈదీఈదీ తిరిగి అమ్ముకునే ఆడోళ్ళకి దైర్యం రావాల కదా? మా పైడి ఆల్ల మొకాలొంక సూసి ఆగీది. ఆల్లెవులైనా నోరు ఇప్పితేనే సరి, నేకపోతే మూడోసారి. అందుకే దాన్ని అందరూ తిట్టీవోరు, అందరూ కావాలనీవోరు.”

ఆ అద్దం అవతలి గదిలో కూర్చుని ఇదంతా విన్నవాడు కిరీటి. సినిమాలకి డ్యాన్స్ పాటలు కట్టే మనిషి. లోకంలో లేని శబ్దం కోసం వెతుకుతూ ల్యాబ్ చుట్టూ తిరుగుతున్నాడు. ఆ గొంతు వినగానే లోపలికొచ్చి దానయ్య చేతులు పట్టుకున్నాడు.

“మావయ్యా, ఈ గొంతు నాకివ్వండి. పాటలో పెడతాను.”

“పెడితే ఎవులింటారు?”

“అందరూ.”

ఆ ఒక్క మాటకి దానయ్య పడిపోయాడు. గుల్లరేవు కూడా మర్చిపోతున్న పైడమ్మని అందరూ వినడం! ఆయన అక్కడికక్కడే సరేనన్నాడు.

ఇందుమతి ఒక సంగతి అడిగింది. మనిషి మెదడులోంచి తీసిన శబ్దాన్ని, ఆ మనిషి ఉంచమంటే తప్ప ల్యాబ్‌లో ఉంచకూడదని కొత్త చట్టం. “ఒరిజినల్ ఫైల్ మీకు కాపీ చేసి ఇమ్మంటారా?”

దానయ్యకి నవ్వొచ్చింది. “నా బుర్రలో ఉండగా మల్లీ డబ్బాలో ఎందుకమ్మా? సముద్రం పక్కనెట్టుకుని బిందెలో నీల్లు దాసుకుంటామేటి?”

ఆమె ఇంకోమాట అనబోయి ఊరుకుంది. అప్పుడు ఊరుకున్నందుకు తర్వాత చాలా బాధపడింది. ఫైల్ చెరిపేశారు.

స్టూడియోలో పాట తయారవుతున్నప్పుడు దానయ్యని కూడా కూర్చోబెట్టారు. కిరీటి పైడమ్మ గొంతుని కోశాడు, సాగదీశాడు, శ్రుతి పెంచాడు. బొంగురు పోయి గొంతు సన్నగా, చురుగ్గా తయారైంది. ‘ఒకటోసారి’ని నాలుగు ముక్కలు చేసి మెట్లు మెట్లుగా పేర్చాడు. ‘రెండోసారి’ దగ్గర నేల అదిరేలా డ్రమ్ము దింపాడు. నిట్టూర్పుని ఎత్తి పారేశాడు.

“అక్కడ ఆగాల బాబూ,” అన్నాడు దానయ్య. “ఆవిడ ఆగీది.”

“ఆగితే కాళ్ళు ఆగిపోతాయి మావయ్యా. డ్యాన్స్ పాటలో ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉన్నచోట డ్రమ్ము పడాలి.”

తెలిసినవాడు చెప్తున్నాడు కదా అని దానయ్య తలూపాడు. పైగా ఆ డ్రమ్ము పడ్డప్పుడల్లా తన మడమ దానంతటదే లేచిపడుతోంది. పెళ్ళాం పాటకి కాలు కదపడంలో తప్పేముంది అనుకున్నాడు.

పాట వచ్చింది. వచ్చిన వారానికి ఊరంతా అదే, నెలకి రాష్ట్రమంతా అదే. పెళ్ళి ఊరేగింపుల్లో అది, వినాయకుడి నిమజ్జనానికి అది, క్రికెట్లో సిక్సర్ కొడితే అది. జిమ్ముల్లో దాని మీదే పరిగెత్తారు. బడిపిల్లలు దాగుడుమూతల్లో కూడా ‘ఒకటో ఒకటో ఒకటోసారి’ అనే లెక్కపెట్టారు. ఆఖరికి రేవు నోరు మూయించిన వేలం యాప్ వాళ్ళే ఆ పాటని అలర్ట్ టోన్‌గా పెట్టుకున్నారు. సిగ్గు లేకపోతే సరి.

దానయ్యకి మాత్రం ఆ ఏడాది పండగే. పందిరి కనబడితే చాలు, వెళ్ళి స్పీకర్ పక్కన నిలబడేవాడు. “మా ఆడదే పాడతంది,” అని పక్కవాణ్ణి పొడిచి చెప్పేవాడు. నమ్మినవాళ్ళు దణ్ణం పెట్టేవారు, నమ్మనివాళ్ళు తాగి ఉన్నాడనుకునేవారు. ఆయన రెండింటికీ పొంగిపోయేవాడు. ఇంట్లో ఉన్నా పాట పెట్టుకునేవాడు. పొద్దున లేస్తే పైడి, అన్నం తింటుంటే పైడి.

ఒకరోజు మధ్యాహ్నం కూర వండుతూ ఉప్పు ఎక్కువేశాడు. అలా వేస్తే పైడమ్మ ఒక తిట్టు తిట్టేది. “సముద్రం ఇంటికి తెచ్చీసినావేటి?” అని. ఆ తిట్టు తలుచుకుని నవ్వుకోవడం ఆయనకి అలవాటు. ఆ రోజూ తలుచుకున్నాడు. తిట్టొచ్చింది. సన్నగా, చురుగ్గా, మెట్లు మెట్లుగా వచ్చింది. చివర్న డ్రమ్ము పడింది.

చేతిలో గరిటె పొయ్యి మీద పడిపోయింది. దానయ్య కళ్ళు మూసుకుని పెళ్ళినాటి మాట తలుచుకున్నాడు. పురిటి నొప్పుల్లో పెట్టిన కేక తలుచుకున్నాడు. తనకి జ్వరం వచ్చినప్పుడు చెవి దగ్గర గొణిగిన మాట తలుచుకున్నాడు. అన్నీ ఆ పాటగొంతుతోనే వచ్చాయి. అన్నిటి చివరా డ్రమ్ము. కూర మాడి ఇల్లంతా పొగ నిండేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆవిడ పోయినరోజు కూడా అంత భయం వెయ్యలేదు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళి “ఆ టోపీ ఎట్టమ్మా,” అన్నాడు.

పెట్టారు. తలుచుకున్నాడు. స్పీకర్లోంచి పాట వచ్చింది, డ్రమ్ముతో సహా. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. మెషీన్‌లో దోషం లేదు. ఉన్నది ఉన్నట్టు తీసింది.

ఇందుమతి ఆయన ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. “జ్ఞాపకం పుస్తకంలో అక్షరంలాంటిది కాదు దానయ్యగారూ. తలుచుకున్నప్పుడల్లా మెదడు దాన్ని బయటికి తీసి, మళ్ళీ కొత్తగా దాస్తుంది. తీసినప్పుడు పక్కన ఏది ఉంటే అది కూడా అంటుకుంటుంది. మీరు ఏడాదిగా...”

“ఐసులోంచి సేపని తీసి పెడతన్నట్టు,” అన్నాడు దానయ్య నెమ్మదిగా. “తీసి పెట్టి, తీసి పెట్టి... ఆఖరికి కండ మెత్తబడిపోతాది.”

“అవును. నేను ఆ రోజే చెప్పాల్సింది.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. పెళ్ళాం గొంతు పది కాలాలు నిలవాలని ఇచ్చినవాడి దగ్గరే అది లేకుండా పోయింది.

కిరీటిని అడిగితే అతని దగ్గర కోసిన ముక్కలే ఉన్నాయి. గుల్లరేవునుంచి పైడమ్మతో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళని తెచ్చి టోపీ పెట్టారు. ఇద్దరి బుర్రల్లోనూ పాటే. ఆ పాట వినని మనిషి రాష్ట్రంలో ఎవరున్నారు గనక! ఈ తిరుగుళ్ళలో నెలలు గడిచాయి, దానయ్య పాత గొంతు కోసం తలుచుకున్నప్పుడల్లా పాటే ఇంకా గట్టిపడింది.

ఒకసారి దానయ్య బస్సెక్కి ఇంటికి వెళ్తూ ఉండగా తట్టింది. సగం దారిలో దిగిపోయి ఇందుమతికి ఫోన్ చేశాడు. “ఒకరున్నారమ్మా. మా మరదలు కొర్లమ్మ, పైడి సెల్లెలు. అప్ప పోయిన ఏడే దానికి మెదడువాపు జొరమొచ్చి రెండు సెవులూ పోనాయి. ఆ పాట అది ఇన్లేదు.”

కొర్లమ్మ చీపురుపల్లి దగ్గర అల్లుడి ఇంట్లో ఉంటోంది. ఎందుకు రమ్మంటున్నారో సైగలతో చెప్పేసరికి పూటంతా పట్టింది. అర్థమయ్యాక ఆమె ఇంకేమీ అడగకుండా కొత్తచీర కట్టుకుని బయల్దేరింది. తన మాట తనకి వినబడదు కాబట్టి ల్యాబంతా దద్దరిల్లేలా మాట్లాడింది.

“అప్ప గొంతు నా కాడ బద్రంగా ఉన్నాది బావా! రోజూ ఇంటన్నాను! సెవుల్లో ఇంకేటీ నేదు కదా, అదే మోగతాది!”

దానయ్య ఆమె చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. టోపీ పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుంది. వాన లేదు, అలలు లేవు. గొంతు ఒక్కటే వచ్చింది. బొంగురుగా, మెల్లగా, పల్లాన్నుంచి మిట్టకెక్కుతున్నట్టు.

“ఒకటోసారీ... రెండోసారీ...”

దానయ్య మడమ లేచింది. డ్రమ్ము పడలేదు. లేచిన మడమ గాల్లో అలాగే ఉండిపోయింది. నాలుక టక్కుమంది. ఒక నిట్టూర్పు. ఎవరో చిన్న బుట్ట పట్టుకున్న మనిషి కోసం, ఎప్పుడో ముగిసిపోయిన వేలంలో, ఒక ఆడది ఓపిగ్గా ఆగింది. తర్వాత “మూడోసారి!” అంది.

ఇందుమతి దానయ్య ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో జాలి తప్ప ఏమీ లేదు.

“పాపం,” అన్నాడాయన గొంతు తగ్గించి. కొర్లమ్మకి వినబడదన్న సంగతి కూడా మర్చిపోయి తగ్గించాడు. “జొరంలో దీనికి గ్యాపకం కూడా పోనట్టున్నాదమ్మా. ఇది మా పైడి గొంతు కాదు. ఎవులిదో ముసిల్దాని గొంతు.”

“దానయ్యగారూ, మొదటిరోజు ఇదే వచ్చింది. ఆ ఆగడం గురించి మీరే కదా చెప్పారు? చిన్న బుట్టలవాళ్ళ కోసం ఆగేదని?”

దానయ్య ఆలోచించాడు. నిజంగానే చాలాసేపు ఆలోచించాడు.

“ఆగడమా? మా పైడి ఆగడమేటమ్మా! తుపానులాగ పాడీది కదా!”

కొర్లమ్మ కళ్ళు తెరిచి వాళ్ళిద్దరి పెదాల వంకా మార్చి మార్చి చూస్తోంది. “అప్పే కదా బావా?” అని అరిచింది. “ఎలాగున్నాది అప్ప గొంతు? సెప్పు బావా, బాగా ఒచ్చినాదా?”

దానయ్య ఆమె తలమీద చెయ్యి వేసి, అదేనన్నట్టు తలూపాడు. కొర్లమ్మ ఏడుస్తూ నవ్వింది. ఫైల్ ఉంచమంటావా అని ఇందుమతి సైగ చేస్తే చేతులు అడ్డంగా ఊపింది.

“నాకెందుకమ్మా, నాకెలాగా ఇనిపించదు! బావ కోసమే ఒచ్చినాను. బావకిచ్చీయి!”

ఇందుమతి తల తిప్పింది. దానయ్య అక్కడ లేడు. కింద రోడ్డు మీద ఏదో పెళ్ళి ఊరేగింపు వెళ్తోంది, ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎనిమిదో అంతస్తు దాకా డ్రమ్ములు అదురుతున్నాయి. ఆయన అద్దానికి చెవి ఆనించాడు. చాలా రోజుల తర్వాత ఆ ముఖం తేటపడింది.

“నాకెందుకమ్మా ఆ డబ్బా,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “ఇదుగో, ఇది మా పైడి.”