సర్దారు గడియారం మీద గీత

"బజార్ల గడియారాల దుకాణం లేదా?" అన్నాడు యెషయా, తల ఎత్తకుండానే.

"ఉన్నది. గాయన పట్టా మార్చుడు తప్ప లోకం ముచ్చటంతా చెప్తడు," అంది మగ్దలేనమ్మ. "నువ్వు అసలే మాట్లాడవు. అందుకే నీ దగ్గరికచ్చిన."

బెల్లంపల్లిలో బొగ్గుబాయి పక్కన, యెషయా గని దీపాలు చూసుకునే లాంప్ రూం అది. బయట ముసురు పట్టింది. మగ్దలేనమ్మ గొడుగు మడిచి గోడకు ఆనించి, కొంగులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టింది.

ఆ గడియారం సంగతి కాలనీలో తెలియనివాళ్లు లేరు. ఒకప్పుడు గనిలో పైకప్పు కూలితే, కింద చిక్కుకున్న ఇంగ్లీషు మేనేజరును భుజాన వేసుకుని పైకి తెచ్చినవాడు ఆమె తండ్రి, గని కూలీల మీద పెద్ద అయిన సర్దారు అహరోను. దొర తన దేశం పోతూ పోతూ చేతికున్న బంగారు గడియారం విప్పి అహరోను చేతికి కట్టాడు. అప్పటినుంచీ ఆ కూలీల ఇళ్ల లైన్లలో పెండ్లయినా చావైనా టైమెంతయిందంటే అందరూ అహరోను చెయ్యే చూస్తారు.

"రేపు నా ప్రధానం," అంది మగ్దలేనమ్మ. "పెద్దపల్లి నుంచి వస్తున్నరు. బాపు గీ గడియారం పిల్లగాని చేతికి పెడ్తడట. పాత పట్టా చెమట వాసనొస్తుందని కొత్తది ఎయ్యమన్నడు."

యెషయాకు ఆ కబురు ముందే తెలుసు. తెలిసిన రోజు నుంచీ అన్నం సరిగా లోపలికి పోవడం లేదు. చర్చి గుడిలో అతను హార్మోనియం వాయిస్తే ఆమె పాడుతుంది. పాటకూ పాటకూ మధ్య ఆమె ఓరగా చూసే చూపు కోసమే అతను వారమంతా బతుకుతాడు. కాని తల్లీతండ్రీ లేని తనను చెయ్యి పట్టి తెచ్చి ఈ ఉద్యోగంలో పెట్టినవాడు అహరోను. ఆయన బిడ్డను అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదూ? అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

దీపం వత్తి సవరించే సన్నని ఉక్కు సూది తీసుకుని, పట్టా పుల్లను బయటికి నెట్టడం మొదలుపెట్టాడు.

"పిల్లగాడు ఎట్లుంటడో అడగవా?"

"ఎట్లుంటడు?"

"మంచోడేనట. రైల్వేల గుమాస్తా. సైకిల్ గూడ ఉన్నదట."

"మంచిదే."

"మంచిదేనా?"

"సైకిలుంటే మంచిదే గదా."

మగ్దలేనమ్మకు ఒళ్లు మండింది. ఇంతకంటే ఏం అడగాలి ఈ మనిషిని? గొంతు తగ్గించి అంది.

"నేను పోతే నీ హార్మోనియం పెట్టెకు ఎవరు పాడ్తరు యెషయా?"

యెషయా తలెత్తాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అక్కడే కొంప మునిగింది.

గని దీపానికి తాళం ఉంటుంది. గని లోపల మండే గ్యాసు ఉంటుంది గనుక కింద ఎవరూ దీపం విప్పకూడదు. పైకి తెచ్చి, లాంప్ రూం బల్లకు బిగించిన పెద్ద అయస్కాంతం మీద పెడితేనే ఆ తాళం ఊడుతుంది. దాని పక్కన ఇనుప ముక్క పెట్టొద్దని కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పేది యెషయానే. అలాంటి యెషయా దాని పక్కనే కూర్చుని ఉక్కు సూది పట్టుకున్నాడు! ఆమెను చూస్తూ చెయ్యి కాస్త పక్కకు జరిపాడో లేదో, అయస్కాంతం సూదిని లటుక్కున లాక్కుంది. పోతూ పోతూ సూది బంగారం మీద ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసింది.

ఇద్దరూ గీతనే చూస్తూ ఉండిపోయారు.

"కావాలని గీకినవా?" అంది మగ్దలేనమ్మ మెల్లగా.

"దేవుని తోడు! గసొంటి పని చేస్తనా? అయస్కాంతం గుంజింది!"

"నిజంగనే అయస్కాంతమేనా?"

"ఒట్టు. నా మనసుల ఏ పాపం లేదు."

ఆమె ముఖం వాడిపోయింది. "గా గడియారం ఇంకొకని చేతికి పోతుందంటే నీకు జర కోపమన్న రాలేదా? ఇంతన్న?"

యెషయా అయస్కాంతానికి అతుక్కున్న సూదిని ఊడబీకే పనిలో పడ్డాడు.

"సరే తియ్యి," అంటూ గడియారం లాక్కుంది. "నా చేతులనే పాడయిందని చెప్త. నీ పేరు రాదు. ఫికర్ చెయ్యకు."

గొడుగు మరిచిపోయి వానలోనే వెళ్లిపోయింది. ఆడపిల్ల ఇంతకంటే విడమరిచి చెప్తుందా? ఆ మొద్దు అబ్బాయికి అప్పటికి సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేసరికి డ్యూటీ దిగే సైరన్ మోగింది. ఆమె గొడుగు చేతిలోనే పట్టుకుని, దాన్ని తెరవాలన్న ధ్యాస కూడా లేక, సర్దారు ఇంటికి పరుగెత్తాడు.

ఇంట్లో అప్పటికే విచారణ జరుగుతోంది. అహరోను మంచం మీద కూర్చుని గడియారాన్ని లాంతరు దగ్గర తిప్పి చూస్తున్నాడు. ఆయన భార్య లచ్చవ్వ పొయ్యి ముందు తల పట్టుకుంది.

"అడకత్తెర జారి మీద పడ్డది బాపు," అంటోంది మగ్దలేనమ్మ.

"సర్దార్ సాబ్!" యెషయా గుమ్మంలోనే అరిచినంత పని చేశాడు. "అడకత్తెర లేదు, ఏం లేదు. గీకింది నేను. అయస్కాంతం పక్కన సూది పట్టుకున్న."

అహరోను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఒక్క గీతకు ఇద్దరు దొంగలా? నువ్వెందుకు అబద్ధమాడినవ్ బిడ్డా?"

"ఈయన మీద మాట పడొద్దని."

లచ్చవ్వ చేతిలో గరిటె ఠంగున కింద పడింది. "ఓ ప్రభువా! ఈయనంట! మొన్నటిదాక పేరు పెట్టి పిలిచిన పిల్ల!"

మగ్దలేనమ్మ నాలుక కరుచుకుంది.

"యెషయా," అన్నాడు అహరోను. "నువ్వు గీత సంగతి చెప్పనీకే వచ్చినవా?"

ఔనంటే చాలు, ఉద్యోగమూ మర్యాదా రెండూ దక్కుతాయి. తెల్లారితే ఆమె ఇంకొకరిది.

"కాదు," అన్నాడు. "మగ్దలేన అంటే నాకు పానం. నీ ఉప్పు తిని నీ బిడ్డను అడుగుడు తప్పనుకున్న, నోరు మూసుకున్న. ఇగ నాతోని అయితలేదు."

అహరోను లేచి నిలబడ్డాడు. ఆయన కోపం చూసి లచ్చవ్వ అడ్డం రాబోయింది.

"గనిల పైకప్పు గుర్రుమంటే ఏం చెయ్యాలెరా?"

"అందరికి వినవడేటట్టు గట్టిగ ఒర్రాలె."

"ఒర్రకుంటే?"

"కిందున్నోళ్లు సస్తరు."

"మరి నా ఇంటి కప్పు గుర్రుమంటుంటే ఇద్దరికిద్దరు మూగోళ్లయిండ్రా? గా పెద్దపల్లి పిల్లగాడు ఏం పాపం చేసిండు? రేపు కొత్త అంగి ఏసుకుని వస్తుండె గదా! వాని అవ్వకు నేనేం చెప్పాలె?"

ఇద్దరూ తల దించుకున్నారు. ఆ పిల్లవాడి సంగతి ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు మరి. మగ్దలేనమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"బాపు, గడియారం..." అంది ఏడుపు మధ్యలో.

"గడియారానిదేమున్నదే? నా వీపు మీద బొగ్గు ఎన్ని గీతలు పెట్టిందో మీ అవ్వనడుగు. గీతలు పడ్డా నడుస్తుంది గదా, నా లెక్కనే." మళ్లీ మంచం మీద కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. "పొద్దుగాల బండికి నేనే పోత. వాళ్లు బయలెల్లక ముందే కాళ్లు పట్టుకుంట. ఎన్ని మాటలన్నా పడ్త."

అన్నట్టే తెల్లారక ముందే వెళ్లాడు, సాయంత్రం బండికి తిరిగి వచ్చాడు. అక్కడేం జరిగిందని లచ్చవ్వ ఎంత అడిగినా చెప్పలేదు. ఆ పిల్లవాడే స్టేషను దాకా వచ్చి బండెక్కించాడని మాత్రం చెప్పి, చాలాసేపు ముఖం కడుక్కుంటూ ఉండిపోయాడు.

ఆదివారం గుడి నిండింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. అప్పటికే ఊరంతా గుసగుసలు. పెద్దపల్లి సంబంధం చెడిందట, లాంప్ రూం పిల్లవాడట, తల్లీతండ్రీ లేనివాడట. హార్మోనియం వెనక యెషయా నేలచూపులు చూస్తున్నాడు. పాస్టరు అయ్యగారు లేచి, ఈ గుసగుసలకు తానే ఇబ్బంది పడ్డట్టు, యెషయా, మగ్దలేనమ్మల పెండ్లి ప్రకటన గబగబా చదివేశారు.

"ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను."

మగవాళ్ల వైపు నుంచి అహరోను లేచి నిలబడ్డాడు. గుడంతా ఆయన వైపు తిరిగింది. మగ్దలేనమ్మ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అభ్యంతరం కాదు అయ్యగారూ," అన్నాడు అహరోను. "పిల్లగాని పేరు మెల్లగ సదివిండ్రు. మావోని పేరు జర ఒర్రి సదువుండ్రి. వెనుకోళ్లకు గూడ వినవడాలె."