కొట్టు గోడలో నీళ్లు

ఆ పొద్దున అక్క టీ కాచి రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి తను తీసుకుని, రెండోది పక్క వాటాలో ఉండే తమ్ముడికని వాకిట్లో గట్టు మీద పెట్టి లోపలికి వచ్చేసింది. తాగమని చెప్పేదాకా అతను ఎదురుచూడడు, తాగావా అని ఆమె అడగదు. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా అంతే. మరీ అవసరమైతే ఆమె గాలికి చెప్పినట్టు చెబుతుంది, అతను గోడకి బదులిచ్చినట్టు ఇస్తాడు.

"పది గంటలకి పాత కట్టడాల ఆఫీసు నుంచి వస్తారట. ఇద్దరి సంతకాలూ కావాలట," అన్నాడు బయటినుంచి.

"కాపాడమని అర్జీ పెట్టినవాళ్లే పెట్టుకోవచ్చుగా సంతకాలు! నా మాట చెల్లితే ఆ కొంప ఎప్పుడో నేలమట్టమయ్యేది," అంది అక్క, పొయ్యి వైపు చూస్తూ.

అయినా వెళ్లింది. కూల్చమని ఆ ఆఫీసువాళ్లకే మొహం మీద చెప్పాలని.

పొలం మధ్యలో వాళ్ల తాతల నాటి రాతి ఇల్లు. నాలుగు గదులకీ కప్పు పోయింది. వంటింట్లో మొలిచిన చెట్టు పొగగొట్టం దాటి పెరిగింది. పక్కనే రెండంతస్తుల ధాన్యపు కొట్టు, వెనకవైపు ఒక మూల కూలి, మిగతాది మొండిగా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల నాడు ఆ మూల కిందే వాళ్ల నాన్న పోయాడు.

పోయే ముందు రోజు సాయంత్రం ఆయన కొడుకుతో అన్నాడు, "కొట్టు దూలం చప్పుడు చేస్తోందిరా, ఒక ఊతకర్ర పెట్టు," అని. వడ్రంగి పని చేసే కొడుకు, "ఎల్లుండి వచ్చి పెడతాలే నాన్నా," అని పని మీద పట్నం బస్సెక్కాడు. తెల్లారేసరికి దూలం పడింది. అక్క ఒక్కతే ఒట్టి చేతులతో రాళ్లు లాగింది. దినం నాడు నలుగురి ముందూ తమ్ముణ్ని వేలెత్తి చూపింది. "నువ్వే చంపావు!" అతను తల దించుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు ఊరుకుంటాడు, అనుకుంది.

వచ్చిన అధికారిణి సన్నగా, పొడుగ్గా, మెడలో టేపు వేసుకుని ఉంది. అక్క మనసులోనే ఆమెకి 'కొలతలమ్మ' అని పేరు పెట్టేసింది. కొలతలమ్మ గది గదికీ తిరిగి రాళ్లు తట్టింది, సున్నం గీకి చూసింది, చిన్న సూదిలాంటి పనిముట్టుతో చెక్కని పొడిచింది.

"ఇల్లు కష్టమండీ, సగం పైగా పోయింది. కానీ ఈ కొట్టు... ఒక్క మేకు లేకుండా కట్టారు. ఇది కాపాడదగ్గదే. వెనకవైపు కూడా చూస్తే రాసేస్తాను."

"వెనకంతా ముళ్లకంపలండీ. పాములుంటాయి. ముందు చూశారుగా, చాలదూ?" అన్నాడు తమ్ముడు కంగారుగా.

ఆ కంగారు చూసి అక్కకి ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు చాలుతుంది? అక్కడే చూడండమ్మా! మా నాన్న ఎవరి నిర్లక్ష్యానికి బలైపోయాడో చూసి మరీ రాయండి!" అంటూ చీర కంపలకి పట్టుకుంటున్నా ఆగకుండా ముందు నడిచింది.

కూలిన మూలని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. కొలతలమ్మ గోడలోకి చెయ్యి పెట్టి, మిగిలిపోయిన దూలం తలని గిల్లింది. అది బెల్లం పొడిలా రాలింది.

"ఈ గది తర్వాత కట్టిందా?"

"అవును. నా భర్త పోయి, చంటిపిల్లతో నేను పుట్టింటికొచ్చేస్తే నాన్న కట్టించాడు. వద్దు వద్దంటున్నా... కాదు, నేనే అడిగాను. విడిగా ఒక గది కావాలని."

"అదేనండీ వచ్చిన చిక్కు. కొట్టు చూరు నీళ్లు పోవడానికి ఇక్కడో రాతి కాలువ ఉండేది. గది దాని మీద కట్టారు. దారి లేక నీళ్లు ఏళ్ల తరబడి గోడలోకి దిగాయి. దూలం తల చివికిపోయింది, గోడ లోపల్నుంచి మెత్తబడి జారిపోయింది."

"ఊతకర్ర... పెట్టి ఉంటే?"

"పది పెట్టినా ఆగేది కాదండీ. గోడే జారాక ఊతం దేనికి?"

అక్క మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు."

ఇన్నేళ్లకి ఆమె అతని కళ్లలోకి చూసి అన్న మొదటి మాట అది.

"రాళ్లు ఎత్తేసిన రోజే చూశానక్కా. చెక్కపని చేసేవాణ్ని, తెలీకుండా ఉంటుందా?"

"మరి ఎందుకు చెప్పలేదురా!"

"అప్పటికే మొగుణ్ని పోగొట్టుకుని ఉన్నావ్. నాన్న నీ గది వల్లే పోయాడని ఏ నోటితో చెప్పను? నా మీద కోపంతోనైనా బతుకుతావనుకున్నా."

"ఈ అర్జీ ఎందుకు పెట్టావ్ మరి?"

"కూలగొట్టిస్తానన్నావుగా. నాన్న తిరిగిన చోటు ఇదొక్కటే మిగిలింది. వీళ్లు వెనకవైపు దాకా రారనుకున్నా."

అక్క అతని గుండెల మీద రెండు చేతులతో కొట్టింది. "నీ పెళ్లికి రాలేదురా నేను! నీ భార్య పోతే గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను! అవన్నీ ఎక్కణ్నుంచి తెచ్చిస్తావ్ నాకు?" కొడుతూ కొడుతూనే కింద కూలబడింది.

కొలతలమ్మ దూరంగా జరిగి, కాసేపయ్యాక వచ్చి ఇబ్బందిగా అంది. "కొట్టు నిలవాలంటే ఈ గది తీసేయాలండీ. కారణం రాయక తప్పదు."

"ఆ సంగతి వదిలెయ్యకూడదా అమ్మా?" అన్నాడు తమ్ముడు.

"రాయండి," అంది అక్క. "ఎవరి కోసం కట్టారో కూడా రాయండి."

"అవన్నీ కాగితంలో పట్టవండీ."

అక్క సంతకం చేసింది. అతనూ చేశాడు. కొలతలమ్మ కారు వెళ్లిపోయింది. ఇద్దరూ ఆ ముళ్ల మధ్యే కూర్చుండిపోయారు.

"అక్కా," అన్నాడతను. "నాన్న వెంటనే పోయాడా? నేను లేనుగా. అడుగుదామంటే ధైర్యం చాలలేదు."

నాన్న రాళ్ల కింద పావుగంట బతికున్నాడు. మాట్లాడాడు కూడా. ఆ మాట ఎవరికీ చెప్పకుండా, కక్షకొద్దీ ఇన్నేళ్లూ కడుపులో దాచుకుంది.

"నిన్నే అడిగాడురా. 'వాడు ఏమైనా తిని బస్సెక్కాడా?' అన్నాడు. తిన్నాడు నాన్నా, అన్నాను. సరే అని కళ్లు మూసుకున్నాడు."

నలభై ఎనిమిదేళ్ల ఆ మనిషి మోకాళ్లలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసింది. నన్ను క్షమించరా అనడానికి నోరు రాలేదు. ఎంతసేపైనా చెయ్యి మాత్రం తీయలేదు.