హాల్లో కదలిక

ఇది అబద్ధమనుకునేవాళ్లు ఉంటే ఇప్పుడే లేచి చెప్పులు వేసుకోండి, నాకేం నష్టం లేదు. మధ్యలో లేస్తానంటే మాత్రం మీ ఇష్టం, ఇంటిదాకా ఒంటరిగా నడవాల్సింది మీరే. ఒకసారి పార్వతీపురం బస్సులో ఈ సంగతి మొదలుపెడితే డ్రైవరు మూడు స్టాపులు మరిచిపోయాడు. దిగాల్సినవాళ్లు నోరెత్తితే ఒట్టు! పైగా ఇది అర్ధరాత్రి కథ కూడా కాదు. ఎండ నడినెత్తిన ఉండగా, కాకులు కూడా అరవడం మానేసే మిట్టమధ్యాహ్నం జరిగింది. ఆ వేళ ఎలాంటిదో మీ నాయనమ్మని అడగండి, చెబుతుంది.

సాలూరులో తిరుమలరావంటే లారీ, లారీ అంటే తిరుమలరావు. సుంకి ఘాటు కొండదారిలో అతని కళ్లకు గంతలు కట్టినా, టైరు చప్పుడుబట్టి ఎన్నో మలుపో చెప్పేవాడు. బ్రేకులు పోయిన బండిని ఇరవై టన్నుల సిమెంటుతో సహా కొండ దింపి, కింద దుకాణంలో ఎక్కేముందు వదిలిన టీ వేడి చల్లారకుండా వచ్చి తాగిన మనిషి. ఎలుగుబంటికి హారను కొట్టి దారి అడిగిన మనిషి. ఎలుగు దారిచ్చింది కూడాను.

అంతటి మొనగాడూ ఒక్క మనిషి గొంతుకే తగ్గేవాడు. భార్య రాజకుమారి. అతను ఏ కొండమీద ఉన్నా మధ్యాహ్నం అన్నాల వేళకి ఆమె ఫోను మోగాల్సిందే. ఒకటే ప్రశ్న.

"ఎక్కడిదాకా వచ్చినావు మావా?"

అతను ఊరి పేరు చెప్పగానే బియ్యం ఎప్పుడు కడగాలో, నీళ్లు ఎప్పుడు కాగాలో ఆమెకు తెలిసిపోయేది. ఇంటి గడప దాటకుండానే ఆ దారిలో ప్రతి చెక్‌పోస్టూ ఆమెకు కంఠతా. పదహారేళ్ల కాపురం. పిల్లల్లేరు. ఒకరికొకరే.

ఒకరోజు ఆ వేళకి ఫోను మూడుసార్లు మోగింది. బండి ఘాటులో మలుపు తిరుగుతోంది. 'అన్నం చల్లారిపోతన్నాదని తిట్టడానికే' అనుకుని నవ్వుకున్నాడు. కొండ దిగాక చేస్తే ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎదురింటి జగ్గమ్మ ఎత్తింది. ఏడుస్తోంది.

రాజకుమారి గుండె ఆగిపోయింది. వెనక తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్లిన జగ్గమ్మకి ఆమె హాల్లో, ముందు తలుపు దగ్గర కనపడింది. చెయ్యి గడియ మీద ఉంది. తియ్యాలని చూసింది, తియ్యలేకపోయింది.

పురోహితుడు పంచాంగం చూసి తల పంకించాడు. ధనిష్ఠ. అలాంటి నక్షత్రంలో పోయినవాళ్లు ఇల్లు వదలరని మనవాళ్ల నమ్మకం. ఆర్నెల్లు ఆ ఇంట్లో మనిషి ఉండకూడదు, దీపం పెట్టకూడదు. వెనక తలుపుకి చెక్కలు కొట్టి, ముందు తలుపుకి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా రేగు కంప పడేశారు. తిరుమలరావు నాలుగు వీధుల అవతల తన అక్క, అప్ప అని పిలిచే కూర్మమ్మ ఇంటికి చేరాడు.

కానీ ధనిష్ఠ ఇల్లంటే దొంగకి శుభలేఖ. ఆర్నెల్లదాకా ఎవరూ రారని ఊరంతటికీ తెలుసు. పక్క వీధిలో అలాంటి ఇంట్లోనే టీవీ, గ్యాసుబండ, ఆఖరికి తలుపు రెక్కలు కూడా ఎత్తుకుపోయారు. తిరుమలరావుకి నిద్ర పట్టలేదు. లోపల రాజకుమారి కుట్టుమిషను ఉంది. తోమి తోమి ఆమె అద్దం చేసిన ఇత్తడి బిందెలున్నాయి. విజయనగరం వెళ్లి, కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటే చవకైన అలారం పెట్టె కొన్నాడు. వైర్లు లాగే పని లేని రకం. ఒక సైరన్ డబ్బా, అందులో సిమ్ము. తలుపుకీ గుమ్మానికీ అంటించే రెండు అయస్కాంతం ముక్కలు. మూలన పెడితే కదలిక పసిగట్టే ఒక కన్ను. అరచేతిలో ఇమిడే కెమెరా, దాంట్లోంచి వినొచ్చు, మాట్లాడొచ్చు.

"గంటలో బయటికొచ్చీయాల," అంది కూర్మమ్మ. "లోపల ఎవులితోనీ మాటాడకు. పేరెట్టి పిలవకు. వచ్చీసినప్పుడు ఎల్లొస్తానని అనకు. సావింట్లో ఆ మాట అనకూడదు. వెనక్కి సూడకుండా వచ్చీయ్."

"అలాగేలేవే అప్పా."

గంటెందుకు? మన తిరుమలరావు కిళ్లీ నమిలేలోపు పని ముగించాడు. పట్టపగలే అయినా కిటికీలన్నీ మూసి ఉండటంతో ఇల్లు బావిలా ఉంది. మూసిన ఇంటికి ఒక వాసన ఉంటుంది. ఇక్కడ అదీ ఉంది, దాని అడుగున ఇంకోటి ఉంది... తలంటుకున్న కుంకుడుకాయ వాసన. అతను ఊపిరి బిగబట్టి పని చేశాడు. కన్నుని కిటికీ ఎండ తగలని మూలన, బల్లులకి అందనంత ఎత్తున అతికించాడు. కెమెరాని వంటింటి గోడకి, హాలంతా కనపడేలా టేపుతో అతికించి, దాని కరెంటు వైరు ప్లగ్గులో పెట్టాడు. ఒక్కో ముక్క బొత్తాం నొక్కి పట్టుకుని డబ్బాకి పరిచయం చేశాడు. ఏది మోగితే ఫోనులో ఏమని రావాలో తెలుగులో తనే కొట్టాడు. 'హాల్లో కదలిక.' 'ముందు తలుపు కదిలింది.' సైరన్ మాత్రం తలుపు కదిలితేనే మోగేలా పెట్టాడు. అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. అన్నీ చక్కగా పలికాయి.

చెప్పులు వేసుకున్నాడు. తలుపు దగ్గరికి లాగాడు. పదహారేళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎల్లొస్తానే రాజీ."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. తాళం వేసి, కంప మళ్లీ అడ్డం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. అప్పకి చెప్పలేదు.

మూడోనాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు. ఫోను గుర్రుమంది.

హాల్లో కదలిక.

తెరిచి చూశాడు. బూడిదరంగు చీకటి. కుట్టుమిషను, గోడ, ముందు తలుపు. ఏమీ లేదు. ఎలక అనుకున్నాడు. మర్నాడు అదే వేళకి, హాల్లో కదలిక. ఆ మర్నాడు కూడా. దొంగైతే ఒక్కసారే వస్తాడు, ఎలకైతే వేళ చూసుకోదు. అన్నాల వేళకి తప్పకుండా కదిలేది ఎవరో అతనికి తెలుసు. తెలిసీ తెలియనట్టు మరో రెండు రోజులు గడిపాడు. ఆ తర్వాత చెవి ఆనించి వినడం మొదలుపెట్టాడు.

మొదట ఉత్త గుయ్యిమనే శబ్దం. అందులోంచి... నేలమీద కంచం పెట్టిన చప్పుడు. గాజులు. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఎవరో కూర్చుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నంతసేపు.

పది రోజులు తిరగకుండా లారీ షెడ్డుకే అతుక్కుపోయింది. లోడుకి రమ్మని కబురొస్తే ఒంట్లో బాగులేదన్నాడు. మధ్యాహ్నమైతే అరుగుమీద ఫోను పట్టుకు కూర్చుంటాడు. కొండల్ని వంచిన మనిషి ఇప్పుడు కంచం ముందుకే రావడం లేదు.

"ఏటిరా, పెళ్లిసూపుల ఫొటోనా అది? అంతలా సూస్తన్నావు?" అని కూర్మమ్మ ఎకసెక్కమాడింది. అతను నవ్వలేదు. అప్పుడు ఆమెకి భయమేసింది.

ఆ రోజు ఆమె నీళ్లకి వెళ్లింది. వీధిలో పిట్ట లేదు. తిరుమలరావు మాట్లాడే బొత్తాం నొక్కాడు.

"రాజీ..."

గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఆ వేళ ఫోను ఎత్తలేదే... ఘాటులో ఉన్నాను. తిట్టడానికే సేసినావనుకున్నాను. తప్పయిపోనాదే..."

గుయ్యిమనే శబ్దం. తర్వాత అడుగులు, తడి కాళ్లతో నడిచినట్టు. దగ్గరికొచ్చాయి. ఇంకా దగ్గరికి. ఫోనులో ఎవరో ఊపిరి వదిలారు.

"ఎక్కడిదాకా వచ్చినావు మావా?"

ఘాటులో చీకటికి బెదరని మనిషి... ఆ ఎండలో ఫోను చెవినుంచి లాగేశాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"సాలూరొచ్చీసినానే."

"వస్తానన్నావు గదా. తలుపు తీస్తన్నాను ఉండు."

ముందు తలుపు కదిలింది.

నాలుగు వీధుల అవతల సైరన్ లేచింది. అది మామూలు మోత కాదు. ఆ మోతకి సంతలో కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి. తిరుమలరావు నవ్వలేదు, చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. దారిలో బిందె పారేసి కూర్మమ్మ వెనకే పరిగెత్తింది.

జగ్గమ్మ తన గుమ్మంలో చెవులు మూసుకు నిలబడి ఉంది. "తాళం ఏసినట్టే ఉన్నాది నాయినా! కంప కూడా కదల్లేదు!"

నిజమే. బయట తాళం చెక్కుచెదరలేదు. కానీ తలుపు... వేలెడంత లోపలికి పోతోంది, తాళానికి తగిలి ఆగుతోంది. మళ్లీ. మళ్లీ. లోపల గడియ తీసిన చప్పుడు. తీసినా తెరుచుకోని తలుపుని రెండు చేతులతో గుంజుతున్న చప్పుడు.

తిరుమలరావు కంప లాగి పారేశాడు. ముళ్లు దిగి అరచెయ్యి నెత్తురైంది. జేబులోంచి తాళంచెవి తీశాడు. కూర్మమ్మ మణికట్టు పట్టుకుంది.

"తీస్తే నువ్వు మళ్లీ బయటికి రావురా."

"రాకపోతే పోనీ. అది ఒక్కర్తీ ఉన్నాదప్పా. రోజూ కంచం పెడతన్నాది, నేనింటన్నాను. ఇయ్యాల నాతో మాటాడినాది."

"అది సెడ్డది కాదురా, నాకు తెల్దా?" కూర్మమ్మ మణికట్టు వదల్లేదు. "సచ్చిపోయినానని దానికి తెల్దు. ఎవులూ సెప్పలేదు. నువ్వు రోజూ సెవొగ్గి ఇంతన్నావు, ఇయ్యాల మాటాడీసినావు, అదింకేటనుకుంటాది? నువ్వే సెప్పాల. నీ మాటైతేనే నమ్ముతాది."

ఫోనులో నొక్కి సైరన్ ఆపాడు. వీధంతా ఒక్కసారిగా చెవిటిదైపోయింది. తలుపు కూడా ఆగింది. అవతల వింటున్నట్టు.

అతను తలుపుకి నుదురు ఆనించాడు. ఫోను నోటిదగ్గర పెట్టుకున్నాడు. మాట్లాడుతుంటే అతని గొంతే ఇంటి లోపలినుంచి, కెమెరాలోంచి, వేరేవాడి గొంతులా వినపడింది.

"రాజీ... ఆ రోజు నేనొచ్చినానే. పొద్దుగూకేసరికి వచ్చీసినాను. నువ్వే లెగలేదు. అప్ప నీకు తలంటి పోసింది. పెళ్లినాటి సీర కట్టింది. నేనే మోసినాను. నిప్పు... నేనే ఎట్టినాను." నుదురు ఇంకా గట్టిగా ఆనించాడు. "నువ్వు నేవు రాజీ, సచ్చిపోనావు. ఇంక తలుపు తియ్యకు."

జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండలో కంప మీద ఒక ఈగ వాలింది, లేచింది.

ఫోనులోంచి, చాలా చిన్నగా:

"అయితే... నీకు అన్నం ఎవులు పెడతన్నారు మావా?"

"అప్ప పెడతన్నాది."

లోపల గడియ మెల్లగా వేసుకుంది. అడుగులు తలుపు నుంచి దూరమయ్యాయి. ఫోను ఒక్కసారి గుర్రుమంది. హాల్లో కదలిక. అంతే, మళ్లీ మోగలేదు. తిరుమలరావు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. సాలూరులో ఆరడుగుల మగాడు నడివీధిలో అలా ఏడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత అతను ఫోనులో ఆ బొమ్మ జోలికి పోలేదు. సిమ్ము రీచార్జి అయిపోయింది, వెయ్యలేదు. వారానికి లారీ ఎక్కాడు. మధ్యాహ్నమైతే బండి పక్కకి ఆపి, మోగని ఫోను వైపు చూస్తూ, కూర్మమ్మ కట్టిచ్చిన అన్నం తినేవాడు.

ఆర్నెల్లూ నిండాయి. శాంతి చేసి ఇల్లు తెరవాల్సిన పొద్దున అతను ఘాటునుంచి తిన్నగా లారీతోనే వచ్చాడు. కూర్మమ్మ, పురోహితుడు, జగ్గమ్మ ముందే వచ్చి ఉన్నారు. తాళం తీశారు. లోపల గడియ వేసి లేదు. హాలంతా వేలు మందాన దుమ్ము. దానిమీద ఒక్క అడుగు లేదు, ఎలకది కూడా లేదు. బిందెలు, మిషను ఎక్కడివక్కడే.

వంటింటి గోడమీద కెమెరా లేదు. టేపు ఊడిన మచ్చ ఒక్కటే ఉంది.

వెతికి పట్టుకున్నది జగ్గమ్మ. ముందు తలుపు పక్క చిన్న కిటికీకి, ఊచల మధ్య, ఆడమనిషి కళ్లంత ఎత్తున అతికించి ఉంది. వీధి వైపు తిప్పి. లారీ వచ్చి ఆగే చోటికి సూటిగా. వైరు అంతదాకా అందదు, కింద వేలాడుతోంది. కిటికీ రెక్క రెండు వేళ్లంత తెరిచి ఉంది. నిన్న దీపాలవేళ తను చూసినప్పుడు ఆ రెక్క మూసే ఉందని జగ్గమ్మ ఒట్టేసింది.

ఎవరూ ముట్టుకోకపోతే ఆమే ముందుకెళ్లి కెమెరా ఒలిచింది. టేపు జిగురులో ఒక పొడుగాటి వెంట్రుక అంటుకుని వచ్చింది. ఆర్నెల్ల దుమ్ములో, గాలి ఆడని ఇంట్లో... అది తడిగా ఉంది. కొసనుంచి ఒక చుక్క జారి ఆమె చేతిమీద పడింది. వెచ్చగా.

నా మాట నమ్మొద్దు. సాలూరు వెళ్లి, లారీ షెడ్డుల వెనక వీధిలో ఎవర్నైనా అడగండి, ఎదురింటామెని చూపిస్తారు. ఆ చుక్క పడిన చెయ్యి ఆమెది. పేరు బెవర జగ్గమ్మ.