లాంజ్‌లో నల్ల కార్డు

రుషికొండ బీచ్‌లో ఉదయం నడకకి వచ్చినవాళ్లకి కనిపించిన శవం ఏజెంట్ నాగవంశీది. పోలీసుల లెక్కలో అతను ఈతకు దిగి మునిగిపోయిన టూరిస్టు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఆ మాట నమ్మలేదు. నాగవంశీ సముద్రంలో ఈదుతూ పెరిగినవాడు.

"చనిపోయే ముందు వాయిస్ మెసేజ్ పెట్టాడు," అంది చీఫ్ అనూరాధ. "రెండే ముక్కలు. 'లాంజ్‌లో. మనవాళ్లే.'"

ఏజెంట్ సాయిశంకర్ ఆ మెసేజ్ ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. నాగవంశీ, గవర్రాజు, తను ముగ్గురూ ఒకే బ్యాచ్.

"పోయిందేంటి మేడమ్?"

"మన కొత్త సబ్‌మెరైన్ నీళ్ల అడుగున చేసే చప్పుడు. ఎవరో రికార్డింగ్ కాపీ చేశారు. మనిషికి వేలిముద్ర ఎలాగో దానికి ఆ చప్పుడు అలాగ. అది శత్రువు చేతికి చిక్కితే మన బోటు ఎక్కడ దాక్కున్నా పట్టేస్తారు. లోపలున్న కుర్రాళ్లు తిరిగి రారు."

చేతులు మారేది ఇవాళ మధ్యాహ్నం, విశాఖ ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో. సెక్యూరిటీ చెక్ దాటాక ఎవరూ ఎవర్నీ మళ్లీ తడిమి చూడరు. క్రెడిట్ కార్డు గీసి ఫ్రీగా టిఫిన్ తినే జనంలో గూఢచారిని వెతకడం కష్టం. సరుకు అందుకునే విదేశీయుడి కోడ్‌నేమ్ కొంగ. అక్కణ్ణుంచి నేరుగా సింగపూర్ ఫ్లైట్ ఎక్కుతాడు.

"సరుకు చేతికి రాకముందు అతన్ని ముట్టుకోకు. ముట్టుకుంటే మనమే క్షమాపణ చెప్పుకోవాలి. సరుకు అమ్ముతున్న ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే హరిచందన కూడా అక్కడే ఉంటుంది. అందించేది ఎవరో తనకి తెలీదంటోంది."

"మీరు నమ్ముతున్నారా?"

"రెండు వైపులా పనిచేసే మనిషిని సగమే నమ్మాలి. నీకు తోడు గవర్రాజు వస్తాడు."

మధ్యాహ్నానికి సాయిశంకర్ అచ్యుతాపురం మందుల కంపెనీ సేల్స్ మేనేజర్ అయిపోయాడు. కళ్లజోడు ఫ్రేములో కెమెరా. చెవిలో గింజంత ఇయర్‌పీస్. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన క్రెడిట్ కార్డు. అన్నీ పనిచేశాయి, కార్డు తప్ప.

"సారీ సార్," అంది లాంజ్ కౌంటర్లో అమ్మాయి. "పోయిన మూడు నెలల్లో ఈ కార్డు మీద సరిపడా ఖర్చు అవలేదండి. లాంజ్ బెనిఫిట్ ఆగిపోనాది."

వెనక క్యూలో ఉన్న గవర్రాజు ముందుకొచ్చాడు. "పరువు తీసీసింది కదేటి బావ," అని గొణిగి, పర్సులోంచి ఓ నల్ల కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఖంగుమంది. ప్లాస్టిక్ కాదు, లోహం. మెషీన్ వెంటనే పచ్చగా వెలిగింది. అమ్మాయి లేచి నిలబడి మరీ ఇద్దరినీ లోపలికి పంపింది.

లోపల చల్లగా, మెత్తగా ఉంది. ఎవరో ప్లేటులో కొండలా పేర్చిన వడలకి ఫోటో తీసుకుంటున్నారు. అద్దం పక్కన పొడుగాటి కొంగ పేపరు చదువుతున్నాడు, చాలాసేపటి నుంచి ఒకటే పేజీ. ఆ మూల హరిచందన. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు. లాంజ్‌లో సగంమంది ఆమెనే చూస్తున్నారు. దాక్కోవడానికి అదో పద్ధతి.

గవర్రాజు కాఫీ తెచ్చి సాయిశంకర్ ముందు పెట్టాడు.

"వంశీగాడిని పట్టించింది ఆ మనిషే బావ. నాకు డౌటే నేదు. అది లేస్తే నువ్వు ఎనకాలే ఎల్లు. కొంగని నాను సూసుకుంటాను."

సాయిశంకర్ కప్పు ఎత్తబోతుంటే హరిచందన అటుగా వచ్చింది. ఫోన్ జారవిడిచింది. అతను వంగి అందిస్తుంటే పెదవులు కదపకుండా, "ఆ కాఫీ తాగకండి," అని వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

"ఏటంటంది?" అన్నాడు గవర్రాజు.

"థాంక్స్ అంది."

కప్పు కింద పెట్టేశాడు. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. ఒకడు పదేళ్లుగా పక్కన కూర్చుని భోంచేసినవాడు. ఇంకొకరు జీతానికి మొహాలు మార్చుకునే మనిషి. తేల్చుకోవడం ఇంత సులువుగా ఉండటమే అతనికి నచ్చలేదు. కౌంటర్లో అమ్మాయి లేచి నిలబడటం గుర్తొచ్చింది. వాష్‌రూమ్‌కని చెప్పి కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"ఆ నల్ల కార్డు నాకూ కావాలమ్మా. ఎక్కడ అప్లై చెయ్యాలి?"

ఆమె నవ్వింది. "అది అడిగితే ఇవ్వరు సార్. ఏడాదికి కోట్లు కర్సు పెట్టేవోళ్లని బ్యాంకే పిల్సి ఇస్తాది."

సాయిశంకర్‌కి ఏసీ చలి అప్పుడు తెలిసింది. గవర్రాజు జీతమూ తన జీతమూ ఒకటే.

వెనక్కి చూశాడు. గవర్రాజు పళ్ల బల్ల దగ్గర టిష్యూ కాగితం కింద కార్డు పెట్టి పక్కకి జరిగాడు. కొంగ వచ్చి టిష్యూ తీసుకున్నాడు. అంతే. సింగపూర్ ఫ్లైట్‌కి ఆఖరి పిలుపు వినిపించింది. కొంగ బయటికి నడిచాడు.

గవర్రాజు వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "తలుపు కాడ ఆ మనిషి జారుకుంటంది, ఎల్లు బావ."

"నీ కార్డు ఓసారి ఇయ్యి."

"ఎందుకూ?"

అడగడం మామూలుగానే అడిగాడు. మోచేతి మీది పట్టు మాత్రం బిగిసింది. సాయిశంకర్ విదిలించుకుని పరిగెత్తాడు. వెనక అడుగుల చప్పుడు, ఆ వెంటనే ఎవరో దభీమని పడిన చప్పుడు. హరిచందన తన ట్రాలీ బ్యాగును సరిగ్గా గవర్రాజు కాళ్లకి అడ్డంగా తోసింది.

గేటు దగ్గర కొంగ బోర్డింగ్ పాస్ స్కానర్ మీద పెడుతున్నాడు. సాయిశంకర్ అతని మణికట్టు పట్టుకుని, గేటు సిబ్బందికి వినపడేలా అన్నాడు.

"ఆగండి. ఈ సార్ మా ఫ్రెండ్ కార్డు తీసుకెళ్లిపోతన్నారు."

కొంగ కాదన్నాడు. కోటు జేబులో టిష్యూ ఉంది, టిష్యూలో కార్డు ఉంది, కార్డు మీద గవర్రాజు పేరు చెక్కి ఉంది. అది తనదని అతను ఎలా చెప్పగలడు? కార్డు రెండు లోహపు రేకుల మధ్య దాచిన, సబ్‌మెరైన్ రికార్డింగ్ ఉన్న మెమరీ చిప్‌ని ఆ సాయంత్రం డిపార్ట్‌మెంట్ బయటికి తీసింది.

సాయిశంకర్ లాంజ్‌కి తిరిగొచ్చేసరికి డిపార్ట్‌మెంట్ మఫ్టీ మనుషులు గవర్రాజుని లేపి నిలబెట్టారు.

"వంశీని నువ్వేనా?" అన్నాడు సాయిశంకర్.

గవర్రాజు నేల చూశాడు. "డబ్బు కలిసి పంచుకుందారని సెప్పీను బావ. విన్నేదు."

సాయిశంకర్‌కి కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. వాళ్లు అతన్ని తీసుకెళ్లేదాకా అలాగే నిలబడ్డాడు. అద్దం అవతల సింగపూర్ విమానం ఓ సీటు ఖాళీగా వెళ్లిపోయింది.

హరిచందన పక్కకొచ్చి కళ్లద్దాలు తీసింది. "ఇంతకీ నన్ను ఎప్పుడు నమ్మారు?"

సాయిశంకర్ ఆమెని పైనుంచి కిందిదాకా ఓసారి చూశాడు.

"ఇంకా ఆలోచిస్తన్నానండి."